ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్, బాలింతకు దాచిన ఎండు సొర

నమస్కారం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. వాకాడు వైపు తీరంలో చచ్చి కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను చూశారు. పక్కనున్నవాళ్లు "సముద్రంలో పాదరసం ఎక్కువైంది, దానివల్లే చచ్చింది" అన్నారు. మీ ఆవిడకు ఇప్పుడు ఆరో నెల. పుట్టింట్లో వారానికి మూడు నాలుగు రోజులు చేప వండుతారు. కాన్పయ్యాక పిట్టు చేసి పెట్టడానికి మీ అత్తగారు ఎండు సొర కూడా కొని దాచారు. డాల్ఫిన్‌ను చంపింది నిజంగా పాదరసమేనా, అంత పాదరసం ఒంట్లో పెట్టుకుని డాల్ఫిన్లు ఇన్నేళ్లు ఎలా బతుకుతున్నాయి, మనం చేపలే మానేయాలా అని అడిగారు. ఆరో నెల గర్భిణి ఇంట్లో ఉంటే ఎవరికైనా టెన్షనే. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

నేను 26 ఏళ్లు నీటినీ, మట్టినీ, చేపనూ పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. అందులో సగానికి పైగా పాదరసం కొలిచే బల్ల దగ్గరే గడిచింది. ఇప్పుడు తిరుపతిలోనే ఉంటున్నాను.

ఇంటి సంగతి ముందు చెప్పేస్తాను. మీ ఆవిడ చేపలు మానక్కర్లేదు, మానకూడదు కూడా. సొర మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. పెద్ద వంజరం, పెద్ద తూర కూడా కాన్పయ్యేదాకా పక్కన పెట్టండి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, రొయ్యలు, చెరువు చేపల్లో శీలావతి, బొచ్చె, ఇవన్నీ నిశ్చింతగా తినొచ్చు. దాచిన ఎండు సొర గురించి కింద విడిగా రాశాను. అది మీ అత్తగారికి చదివి వినిపించండి.

పాదరసం అనగానే మనకు థర్మామీటర్ పగిలినప్పుడు నేల మీద దొర్లే వెండి గోళీలు గుర్తొస్తాయి. ఆ లోహం పొరపాటున మింగినా పేగుల్లో పెద్దగా ఇంకదు. దాని ఆవిరి పీలిస్తే ప్రమాదం. (ఇంట్లో ఎప్పుడైనా పగిలితే చీపురుతో ఊడ్వకండి, గోళీలు ఇంకా చిన్నగా చెదిరి ఆవిరి పెరుగుతుంది. గర్భిణిని, పిల్లలను అవతలి గదిలోకి పంపి, కిటికీలు తెరిచి, గట్టి కాగితం అంచుతో దగ్గరికి చేర్చి, మూత బిగించే సీసాలో వేయండి.) చేపలో ఉండేది ఈ లోహం కాదు, మిథైల్ పాదరసం, అంటే పాదరసానికి మిథైల్ అనే చిన్న కర్బన తోక తగిలిన రూపం. గాలి ద్వారా, నది ద్వారా తీరానికి చేరిన పాదరసం అడుగున ఉన్న బురదలో దిగుతుంది. గాలి ఆడని ఆ నల్ల బురదలో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. అది సల్ఫేటు మీద బతుకుతుంది. పులికాట్ సరస్సు అంచున బురదలో కాలు దిగితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా, అది ఈ రకం బ్యాక్టీరియా పనే. పాదరసానికి మిథైల్ తోక తగిలించేది కూడా చాలావరకు ఇదే. ఆ పని చేసే రెండు జన్యువులను శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. ఉప్పునీటి సరస్సులు, నదీముఖాలు, మడ అడవుల బురదలు చేపపిల్లలకు పురిటిగదులు. పాదరసం మారువేషం వేసుకునేది కూడా అక్కడే కావడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

తోక తగిలాక అది ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. నాచు నుంచి నలుసంత పురుగులోకి, పురుగు నుంచి నెత్తల్లోకి, నెత్తళ్లను మింగే కానాగంతలోకి, దాన్ని మింగే వంజరంలోకి, వంజరాన్ని కొరికే సొరలోకి మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోతుంది. కాలుష్యం లేని నడిసముద్రంలో లీటరు నీటిలో ఉండే పాదరసం గ్రాములో వంద కోట్లో వంతు కూడా ఉండదు. అదే నీటిలో బతికే పెద్ద సొర కండలో కిలోకు ఒక మిల్లీగ్రాము దాకా దొరుకుతుంది. లక్షల రెట్లు అన్నమాట. అందుకే నీటిని పరీక్షించి "సముద్రం బాగానే ఉంది" అని రిపోర్టు ఇస్తే నేను తృప్తిపడను. చేపను అడగాలి, చేపను తిన్నవాడిని అడగాలి.

ఏ మెట్టు మీద ఉన్నారన్నదే అంతా. మన్నారు సింధుశాఖలోనూ పాక్ అఖాతంలోనూ ఉండే కడలి ఆవు, అంటే డ్యూగాంగ్, కూడా సముద్రపు క్షీరదమే. కానీ అది గడ్డి మేస్తుంది. కాబట్టి దాని ఒంట్లో పాదరసం తక్కువ. డాల్ఫిన్ పై మెట్టు. రోజూ తన బరువులో ఇరవయ్యో వంతు దాకా చేపలు తింటుంది, నలభై ఏళ్లు దాటి బతకగలదు. పైగా దానికి ఒంటి మీద వెంట్రుకలు లేవు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. క్షీరదాలు మిథైల్ పాదరసాన్ని బయటికి తోసే దారుల్లో వెంట్రుక ఒకటి. సీల్ ఏటా బొచ్చు రాల్చి కొంత వదిలించుకుంటుంది. కాలిఫోర్నియాలో ఏనుగు సీళ్లు గుంపుగా చేరి బొచ్చు రాల్చే తీరంలో, ఆ రోజుల్లో నీటిలోనే మిథైల్ పాదరసం పెరగడం 2015లో తేల్చారు. డాల్ఫిన్‌కు ఆ దారి లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. మూడింటిలోకీ మంచి ప్రశ్న అది.

మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం మామూలు చేపలో కిలోకు 0.5 మిల్లీగ్రాములు, వేటాడే పెద్ద చేపల్లో 1 మిల్లీగ్రాము దాటి పాదరసం ఉండకూడదు. ముసలి డాల్ఫిన్ కాలేయంలో కిలోకు వందల మిల్లీగ్రాములు దొరుకుతాయి. మధ్యధరా సముద్రంలో వెయ్యి దాటినవి కూడా ఉన్నాయి. అక్కడ భూమిలోనే పాదరసపు ఖనిజం ఎక్కువ. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు దశాంశ బిందువు తప్పు పడిందనుకున్నాను. అంత పాదరసంతో ఆ జంతువు ఈదుతూ, పిల్లల్ని కంటూ ఎలా ఉంది?

జవాబు సెలీనియంలో ఉంది, అంటే ఒంటికి కొద్దిగా కావలసిన ఒక మూలకంలో. 1973లోనే శాస్త్రవేత్తలు గమనించారు, సముద్రపు క్షీరదాల కాలేయంలో పాదరసం పెరిగేకొద్దీ సెలీనియం కూడా దాదాపు అణువుకు అణువు చొప్పున పెరుగుతోందని. తర్వాత 1980లో ఒక తిమింగలం కాలేయంలో సన్నని నల్ల రేణువులు దొరికాయి. అవి పాదరసమూ సెలీనియమూ కలిసి గట్టిపడిన ఖనిజం, టీమనైట్. రాళ్లలో దొరికే ఖనిజం ఒక జీవి కాలేయంలో తయారవుతోంది! డాల్ఫిన్ కాలేయం మిథైల్ పాదరసం తోక కత్తిరించి, మిగిలిన పాదరసాన్ని సెలీనియంతో కట్టిపడేసి, కరగని రేణువుగా మార్చి, అక్కడే పూడ్చిపెడుతుంది. పిల్ల డాల్ఫిన్ కాలేయంలో ఎక్కువ భాగం ఇంకా మిథైల్ రూపంలోనే ఉంటుంది. ముసలిదానిలో చాలావరకు ఈ రేణువులే. కాబట్టి కాలేయంలో కనిపించే పెద్ద అంకె చాలావరకు చంపిన విషం కాదు, డాల్ఫిన్ తట్టుకుని దాటిన విషం.

అలాగని డాల్ఫిన్‌కు ఏమీ కాదనుకోవద్దు. పూడ్చడానికి వాడిన సెలీనియం ఇక ఒంటికి పనికిరాదు. మెదడును కాపాడే ఎంజైములకు కూడా కావలసింది ఆ సెలీనియమే. కండలోనూ మెదడులోనూ ఉన్న మిథైల్ పాదరసానికి ఈ పూడ్చే ఏర్పాటు అంతగా లేదు. ఫ్లోరిడా తీరంలో ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్లను కోసి చూసినప్పుడు, కాలేయంలో కిలోకు 60 మిల్లీగ్రాములు దాటినవాటిలో కాలేయపు జబ్బు ఎక్కువగా కనిపించిందని 1993లో ప్రచురించారు. రోగనిరోధక శక్తి తగ్గుతుంది, నరాలు మొద్దుబారతాయి. అలా బలహీనపడ్డ జంతువు వలలో పడే అవకాశమూ, జబ్బుకు లొంగే అవకాశమూ ఎక్కువ.

మీరు చూసిన డాల్ఫిన్‌ను చంపింది పాదరసమేనా అంటే, చాలావరకు కాదనే చెబుతాను. ఒడ్డుకొచ్చే డాల్ఫిన్లలో ఎక్కువగా కనిపించే కారణం వల. డాల్ఫిన్ చేప కాదు, ఊపిరి తీసుకోవడానికి పైకి రావాలి. వలలో చిక్కితే మునిగి చస్తుంది. ముట్టె చుట్టూ, రెక్కల అంచున సన్నని గాట్లు ఉన్నాయేమో మీ ఫోటోలు ఒకసారి పెద్దగా చేసి చూడండి. పడవ పంకా దెబ్బలు, ఊపిరితిత్తుల జబ్బులు ఆ తర్వాతవి. పాదరసం ఒక్కటే నేరుగా చంపిందని రుజువు చేయడం చాలా అరుదు. అయినా ఆ కళేబరంలో మన సముద్రం లెక్కల పుస్తకం ఉంది. దాన్ని చదవకుండా పూడ్చేస్తున్నాం.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక తీరంలో పెద్ద డాల్ఫిన్ కొట్టుకొచ్చిందని కబురొస్తే, నమూనా తీసుకోవడానికి ఐసు పెట్టె పట్టుకుని వెళ్లాం. మేం చేరేసరికి జేసీబీతో గొయ్యి తీసి కప్పేశారు, కాగితం మీద "సహజ మరణం" అని రాశారు. వాసన వస్తోంది, జనం మూగుతున్నారు, పూడ్చక తప్పలేదన్నారు. ఇంకోసారి పాలిథిన్ కవరులో ఒక మాంసం ముక్క మా ల్యాబ్‌కు వచ్చింది. ఐసు లేదు. ఏ అవయవమో రాయలేదు. జంతువు పొడవు ఎంతో, ఆడో మగో తెలియదు. పరీక్ష చేశాను, అంకె వచ్చింది. ఆ అంకెకు అర్థం లేదు. కండలో 5 అంటే ఒక కథ, కాలేయంలో 5 అంటే వేరే కథ. మూడేళ్ల పిల్లలో అయితే ఒకటి, ముప్పై ఏళ్ల ముసలిదానిలో అయితే మరొకటి. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. డాల్ఫిన్ లక్షల ఏళ్లుగా చేపల మీదే బతికి, కాలేయంలో పూడ్చే విద్య నేర్చుకుంది. మన శరీరం మిథైల్ పాదరసం తోకను నెమ్మదిగా మాత్రమే తెంచగలదు. మన రక్తంలో చేరినది సగానికి తగ్గడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు మానేసినా చాలావరకు పోవడానికి ఏడెనిమిది నెలలు కావాలి.

అన్నిటికంటే రక్షణ లేనిది కడుపులో బిడ్డ. మిథైల్ పాదరసం సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో జత కట్టి, చూడటానికి మిథయొనిన్‌లా తయారవుతుంది. మిథయొనిన్ బిడ్డకు కావలసిన పోషకం. కాబట్టి మాయ దాన్ని అడ్డుకోదు, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. మెదడు వాకిలి కూడా అలాగే తెరుచుకుంటుంది. బొడ్డుతాడు రక్తంలో మిథైల్ పాదరసం తల్లి రక్తంలో కంటే సగటున 1.7 రెట్లు ఉంటుందని తేలింది. జపాన్‌లోని మినమాటాలో జరిగిందీ ఇదే. అక్కడి రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 దాకా వ్యర్థాలను అఖాతంలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చిగా గంతులేసి చచ్చాయి. 1956 మే 1న మనుషుల్లో జబ్బు అధికారికంగా నమోదైంది. కొందరు తల్లులకు లక్షణాలు పెద్దగా లేవు, వాళ్లకు పుట్టిన బిడ్డలు మాత్రం నిలబడలేక, మాట్లాడలేక జీవితమంతా గడిపారు.

అది విషం కుమ్మరించిన చోటు. మన తీరం అలాంటిది కాదు. మనకు దగ్గరగా ఉండే ఉదాహరణలు వేరే రెండు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో జనం పైలట్ తిమింగలం మాంసం తినేవారు. అది కూడా డాల్ఫిన్ల కుటుంబమే. 1986, 87 సంవత్సరాల్లో అక్కడ పుట్టిన 1,022 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. తల్లి ఒంట్లో పాదరసం ఎక్కువగా ఉన్న పిల్లలు ఏడేళ్ల వయసులో ధ్యాస, జ్ఞాపకం, మాట ఈ మూడింటిలో కాస్త వెనకబడ్డారు. 2008లో అక్కడి వైద్యాధికారులే ఆ మాంసం ఇక తినవద్దన్నారు. వందల ఏళ్ల ఆచారం అది, చెప్పడానికి ఎంత మనసు చిక్కబట్టుకోవాలో ఆలోచించండి. ఇటు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో పరిశోధకులు గమనించిన గర్భిణులు వారానికి పన్నెండు పూటలు సముద్రపు చేప తినేవారు. అక్కడి పిల్లల్లో అలాంటి స్పష్టమైన నష్టం కనిపించలేదు. వాళ్లు తినేది మామూలు చేపలు, తిమింగలం కాదు. చేపలో ఉండే ఒమేగా-3 కొవ్వులు, సెలీనియం బిడ్డ మెదడుకు మేలు చేసి కొంత నష్టాన్ని పూడుస్తాయి. "పాదరసం ఉందట" అని చేపలన్నీ మాన్పించే ఇళ్లు కూడా నేను చూశాను. అది బిడ్డకు ఇంకో రకం అన్యాయం.

కాబట్టి లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2003లో పెట్టిన హద్దు ప్రకారం, వారానికి కిలో శరీర బరువుకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం దాటకూడదు. మీ ఆవిడ బరువు 60 కిలోలు అనుకుంటే వారానికి 96 మైక్రోగ్రాములు. అమెరికా ఆహార శాఖ ఏళ్ల తరబడి కొలిచిన సగటుల్లో సొరకు కిలోకు 0.98 మిల్లీగ్రాములు, వంజరం జాతికి చెందిన వాళ్ల పెద్ద చేపకు 0.73, నెత్తళ్ల జాతికి 0.016, కవళ్ల జాతికి 0.013, రొయ్యలకు 0.009. అవి వాళ్ల మార్కెట్ లెక్కలే, మన తీరపువి కావు. కానీ వరస ఎక్కడైనా ఇదే. ఈ లెక్కన వంద గ్రాముల సొర ముక్కతో వారం కోటా అయిపోతుంది. అదే నెత్తళ్లయితే ఆరు కిలోలు తినాలి. ఏ గర్భిణి తింటుంది ఆరు కిలోల నెత్తళ్లు?

తిరుపతి మార్కెట్లో వంజరం ముక్క చూపించి "ఇది చాలా మంచిది సార్, గర్భిణులకు పెట్టండి" అని అమ్ముతారు. ఖరీదైన చేప కాబట్టి మంచిదనుకుంటాం. మూరెడు లోపు చిన్న వంజరం ఎప్పుడైనా ఒక పూట తింటే ఏమీ కాదు. అడ్డంగా కోసిన ముక్క పళ్లెమంత వెడల్పు ఉంటే అది చాలా ఏళ్లు బతికిన చేప, దాన్ని వదిలేయండి. ధర తక్కువని చిన్నచూపు చూసే కవళ్లే ఈ విషయంలో మేలు.

వండే తీరులో పాదరసం పోతుందా అని చాలామంది అడుగుతారు. పోదు. అది కొవ్వులో లేదు, కండలోని ప్రోటీన్‌కు అంటుకుని ఉంది. ఉప్పు, పసుపు పెట్టి కడిగినా, తోలు తీసినా, చింతపండు పులుసులో మరిగించినా, నూనెలో వేయించినా అంతే.

ఇక సొర. నెల్లూరు నుంచి మద్రాసు దాకా ఈ తీరమంతా బాలింతకు సొర పిట్టు పెట్టడం ఆనవాయితీ. సొరను ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి, అల్లం, ఉల్లిపాయ దండిగా వేసి చేస్తారు. పాలు పడతాయని నమ్మకం. పాల సొర అనే పేరు కూడా అలాగే నిలిచింది. మా ఇంట్లో కూడా చేసేవారు, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి మీ అత్తగారు చేస్తున్నది తప్పని నేను అనను. కూతురి మీద ప్రేమతో ముందుగానే కొని దాచుకున్నారు. ఆ ప్రేమను గౌరవిస్తూనే మాట్లాడండి.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, కాన్పు తర్వాత ప్రమాదం కాన్పు ముందు ఉన్నంత కాదు. మిథైల్ పాదరసం మాయ దాటినంత సులువుగా తల్లిపాలలోకి రాదు. అందుకని పాలు మాన్పించాలన్న ఆలోచన ఎప్పుడూ పెట్టుకోవద్దు. పాల సొర కూడా చిన్న జాతే, పెద్ద సొరలంత పాదరసం దానిలో ఉండదు. చిక్కంతా ఎండు సొర దగ్గర. ముక్కలుగా కోసి ఉప్పు పట్టించాక అది అడుగున్నర పాల సొరదో, ఆరడుగుల సొరదో అమ్మేవాడు కూడా చెప్పలేడు. ఎండినప్పుడు నీరు పోతుంది, పాదరసం పోదు. బరువు సగం తగ్గితే ముక్క కిలోకు పాదరసం రెట్టింపు. దానికి తోడు ఆ ఉప్పు. పైగా బాలింతకు ఈ పిట్టు ఒక పూటతో ఆపరు, నెలంతా పెడతారు. రెండో బిడ్డ ఏడాదిలోపు కడుపున పడితే ఆ నిల్వ ఆ బిడ్డకు వెళ్తుంది.

అందుకే నేనైతే ఆ ఎండు సొర ఈ బాలింతకు పెట్టను. పిట్టు చేసే పద్ధతి మాత్రం మానక్కర్లేదు. అదే వెల్లుల్లి, అదే అల్లంతో కవళ్లను ఆవిరికి ఉడికించి ముళ్లు తీసి చేయొచ్చు. నెత్తళ్లతో పొడి చేసి అన్నంలో కలిపి పెట్టొచ్చు. మెత్తటి ముళ్లతో సహా తింటే కాల్షియం కూడా. పాలు పడటానికి కావలసింది తల్లికి కడుపునిండా తిండి, నీళ్లు, నిద్ర, బిడ్డ మాటిమాటికీ చప్పరించడం. ఇది మీ డాక్టరమ్మ నోట కూడా ఒకసారి చెప్పించండి, పెద్దవాళ్లు అల్లుడి మాట కంటే డాక్టరు మాట తొందరగా వింటారు.

మీరు చివర్లో వెంట్రుక పరీక్ష గురించి అడిగారు. వెంట్రుక నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. ఆ నెల రక్తంలో ఎంత మిథైల్ పాదరసం ఉందో ఆ సెంటీమీటరులో రాసి ఉంటుంది, అది కూడా రక్తంలో ఉన్నదానికి 250 రెట్లు చిక్కగా. 1971, 72లో ఇరాక్‌లో విత్తనాలకు పట్టించిన పాదరసపు మందుతో ఉన్న గోధుమలతో జనం రొట్టెలు చేసుకు తిన్నారు. 6,500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 459 మంది ఆసుపత్రుల్లోనే చనిపోయారు. అప్పుడు తల్లుల పొడవాటి వెంట్రుకలను సెంటీమీటరు చొప్పున కోసి, గర్భంలో ఏ నెలలో బిడ్డకు ఎంత అందిందో లెక్కగట్టారు. తిరుపతిలో ఉన్నాను కాబట్టి ఒక ప్రశ్న నాకు తరచూ వస్తుంది: కొండ మీద తలనీలాలిస్తే పాదరసం పోతుందా అని. వెంట్రుకలో చేరినది వెంట్రుకతో పోతుంది, ఒంట్లో ఉన్నది ఉంటుంది. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే. మీ ఆవిడ ఇంతవరకు సొర, పెద్ద చేపలు తరచుగా తినలేదన్నారు కాబట్టి పరీక్ష అవసరం నాకు కనిపించడం లేదు.

ఈ పాదరసమంతా ఎక్కడినుంచి వస్తోందన్నది కూడా తెలుసుకోవాలి. 2015లో ప్రపంచం మొత్తం మీద మనుషుల పనుల వల్ల గాలిలో కలిసిన పాదరసం దాదాపు 2,220 టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క. అందులో మూడో వంతుకు పైగా చిన్న చిన్న బంగారు గనులది, అయిదో వంతు దాకా బొగ్గుది. మన తీరానికి ఉత్తరాన కృష్ణపట్నం, దక్షిణాన ఎన్నూరు, రెండు చోట్లా బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి. బొగ్గు పొగలో పాదరసం ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది. ఆవిరిగా లేచిన పాదరసం నెలల తరబడి గాలిలో తిరుగుతుంది కాబట్టి ఇక్కడి పొగ ఎక్కడో పడుతుంది, ఎక్కడిదో ఇక్కడ పడుతుంది. అందుకే మినమాటా పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు. అది 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, 2018లో మన దేశం ఆమోదించింది.

మన ఊళ్ల వంతు కూడా ఉంది. ఒక థర్మామీటరులో అర గ్రాము నుంచి గ్రాము, పాత బీపీ మిషన్‌లో 80 నుంచి 100 గ్రాములు, సీఎఫ్ఎల్ బల్బులో 3 నుంచి 5 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ఇవి చెత్తతో కలిసి కాలినప్పుడు గాలిలోకి, వాన పడితే వాగుల్లోకి పోతాయి. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతినీ, శ్రీకాళహస్తినీ దాటి సముద్రానికి చేరుతుంది. కాళంగి సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌లో కలుస్తుంది. 2022లో జిల్లాలు మారాక తిరుపతి తీరపు జిల్లా కూడా అయ్యింది. ఇక్కడి ఆసుపత్రులూ, లాడ్జిలూ పాడైన ట్యూబులను, మిషన్లను విడిగా కట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలని గట్టిగా అడగడం మన చేతిలో పనే.

ఇంకోసారి డాల్ఫిన్ ఒడ్డుకొస్తే ఏం చేయాలో చెబుతాను. బతికుంటే నీళ్లలోకి లాగకండి. తడి గుడ్డ కప్పి, తల మీద ఉండే ఊపిరి రంధ్రం మీద గుడ్డ గానీ నీళ్లు గానీ పడకుండా చూస్తూ, అటవీ శాఖకు ఫోన్ చేయండి. చచ్చిపోయి ఉంటే చేతులతో తాకకండి. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు అది, దాని ముక్క కోయడం నేరం. ముట్టె నుంచి తోక చీలిక దాకా పొడవు తెలిసేలా పక్కన ఒక తెడ్డో కర్రో పెట్టి ఫోటోలు తీయండి. ముట్టె, రెక్కలు, పొట్ట కింది భాగం విడివిడిగా తీయండి. తేదీ, చోటు, సమయం రాసుకోండి. ఆ తర్వాత వచ్చిన అధికారిని మర్యాదగా ఒక్కటి అడగండి: పూడ్చే ముందు పశువైద్యుడిని పిలిపించి కాలేయం, మూత్రపిండం, కండ, మెదడు, ఒక పన్ను తీయించమని. పన్ను కోస్తే లోపలి వలయాలతో వయసు తెలుస్తుంది. ఏ ముక్క ఏ అవయవానిదో విడివిడిగా చీటీ రాసి ఐసులో పెట్టమనండి. పరీక్ష చేసేవాళ్లను పాదరసంతో పాటు సెలీనియం కూడా కొలవమనండి.

మొన్న మీరు తీసిన ఫోటోలు దాచే ఉంటే, పూడ్చిన చోటు గుర్తుతో సహా అటవీ శాఖ కార్యాలయంలో ఇచ్చి రండి. ఎముకలూ పళ్లూ ఇసుకలో చాలాకాలం ఉంటాయి.